మార్కులు కలపగానే మంచి బొమ్మ ఎందుకు ఓడిపోతుంది?

[తెరపై: బల్ల మీద వరసగా బొమ్మలు. ఒకదాని మూలలో సంతకాన్ని కప్పుతున్న టేపు]

బొమ్మల పోటీకి జడ్జీలుగా కూర్చునే ముందు పేర్లు దాచండి. సంతకం మీద మాస్కింగ్ టేపు వేసి, వెనక నంబరు రాయండి. టేపును ముందు ఒకసారి చొక్కాకి అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది, రంగు ఊడిరాదు. బొగ్గు, పేస్టెల్ బొమ్మలకు మాత్రం టేపు తగలనివ్వకండి.

తొలి వడపోతలో మార్కులు వద్దు. ఒక్కో బొమ్మకు పది సెకన్లు, మూడు దొంతర్లు: ఉంచుదాం, తీసేద్దాం, మళ్లీ చూద్దాం. ఒక్క జడ్జి ఉంచమన్నా ఉంచాల్సిందే.

[తెరపై: రెండు మీటర్ల దూరం నుంచి ఒక నీటిరంగుల ముఖచిత్రం]

మిగిలినవాటిని ముందు దూరం నుంచి, కళ్లు సగం మూసి చూడండి. వెలుగునీడలు కలిసిపోయి ముద్దలా కనిపిస్తే కూర్పులో, అంటే బొమ్మలోని భాగాల అమరికలో, లోపం ఉన్నట్టే. తర్వాత దగ్గరికి రండి. ఈ చెంప మీద కాలీఫ్లవర్ అంచులాంటి మరక చూశారా? రంగు ఆరీ ఆరకముందే తడి కుంచె తగిలితే, నీరు రంగును పక్కకు నెట్టి ఇలా చేస్తుంది. మబ్బులో అయితే కావాలనే చేసి ఉండొచ్చు. చెంప మీద మాత్రం దాదాపుగా పొరపాటే.

ఇప్పుడు మార్కులు. కూర్పుకు 30, వెలుగునీడలకూ రంగులకూ 30, పనితనానికి 20, ఆలోచనకు 20. నీట్‌నెస్‌కి విడిగా మార్కులు పెట్టకండి. పెడితే బొగ్గుతో గీసినవాళ్లందరికీ మొదట్లోనే కోత పడుతుంది. అసలు లెక్క మొదలుపెట్టే ముందు ఐదు బొమ్మలకు అందరూ విడివిడిగా మార్కులు వేసి, తేడాలు మాట్లాడుకోండి. ఆ తర్వాత ఒక్కో జడ్జికి బొమ్మల వరస మార్చి ఇవ్వండి. లేకపోతే అందరూ అలిసిపోయే వేళకు ప్రతిసారీ అవే బొమ్మలు వస్తాయి.

[తెరపై: మార్కుల పట్టిక]

ఇక కూడిక. ఇద్దరు జడ్జీలు మొదటి బొమ్మకు 82, 81 ఇచ్చారు. రెండోదానికి 80, 79. మూడో జడ్జి మొదటిదానికి 50, రెండోదానికి 75 వేశారు. మొత్తం 213, 234. ఇద్దరికి నచ్చిన బొమ్మ ఓడిపోయింది! మొదటి ఇద్దరూ రెండు మార్కుల తేడాతో సరిపెట్టుకుంటే, మూడో ఆయన పాతిక తేడా చూపించారు. కూడికలో ఆయన మాటే నెగ్గింది.

అందుకే మార్కులను ర్యాంకులుగా మార్చండి. మొదటి బొమ్మకు 1, 1, 2, అంటే 4. రెండోదానికి 2, 2, 1, అంటే 5. తక్కువ వచ్చిందే విజేత. సమానమైతే కూర్పు మార్కులు చూడాలన్న నియమం పోటీ ప్రకటనలోనే ఉండాలి; ఫలితం చూశాక పెట్టే నియమాన్ని ఎవరూ నమ్మరు.

[తెరపై: ఫోన్‌లో ఇమేజ్ సెర్చ్]

పేర్లు విప్పే ముందు, ఏదైనా నకలేమో తెలుసుకోవడానికి మొదటి పది బొమ్మలనూ ఫోటో తీసి ఇమేజ్ సెర్చ్‌లో వెతకండి. ఫోటోను అద్దంలోలా తిప్పి కూడా ఒకసారి వెతకండి.