"నేను" అనే పట్టు: కాగితం మీద, ఒంట్లో, మాటలో

పెద్దలకి, అమ్మలకి, తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నమస్కారం.

"మీరెవరు?" అని అడిగితే ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడి మనిషి చెప్పే జవాబు అడిగినవాళ్ళని బట్టి మారుతుంది. భువనేశ్వర్ వెళ్తే మనం తెలుగువాళ్ళం. పాతపట్నం దాటి శ్రీకాకుళంలో సంబంధం మాట్లాడబోతే ఒడిశావాళ్ళం. ముందు రాసుకునే ఇంటిపేరు బడి ఫారంలో చివరికి పోతుంది. పాత్రో అనో పట్నాయక్ అనో వినగానే ఏ భాషలో పలకరించాలో తెలియక ఎదుటిమనిషి ఒక్క క్షణం ఆగుతాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడ్డప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీ జనంగా పడుకున్నవాళ్ళు ఒడిశా జనంగా నిద్రలేచారు. ఇల్లు అదే, నుయ్యి అదే, మనుషులూ వాళ్ళే.

దీన్ని మనం ఎక్కువగా బాధగానే చెప్పుకుంటాం. ఆ బాధ నిజమైనదే. అయితే ఈ సరిహద్దు బతుకు మనకొక వీలు కూడా ఇచ్చింది. మన మీదున్న పేర్లు ఎంత తేలిగ్గా మారతాయో ఇక్కడివాళ్ళకి పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. పేర్లు మారుతున్నాయని గమనిస్తున్న ఎరుక మాత్రం మారలేదు కదా, అదేమిటి అని అడగడమే మిగిలింది. ఇవాళ్టి మాటంతా ఆ ప్రశ్న గురించే.

గీత రెండో అధ్యాయం 71వ శ్లోకంలో శాంతి పొందేవాడికి చెప్పిన లక్షణాల్లో రెండు ఇవి: నిర్మమః, నిరహంకారః. "నాది" అన్న పట్టు లేనివాడు, "నేను" అన్న పట్టు లేనివాడు. మొదటిది కంటికి కనిపిస్తుంది. పొలం, ఇల్లు, కొడుకు ఉద్యోగం. రెండోది ఊరికే ఆలోచిస్తే దొరకదు. దాన్ని కాగితం మీద పెట్టాలి.

దీనికి మంచి సాధనం ఒకటుంది. 1954లో కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు "నేనెవరు?" అన్న ప్రశ్నకి 20 జవాబులు రాయించే పరీక్ష తయారుచేశారు. దానికి 12 నిమిషాల గడువు. జనం ముందుగా నలుగురూ ఒప్పుకునే గుర్తులు రాస్తారని వాళ్ళు గమనించారు: మగవాణ్ణి, విద్యార్థిని, ఫలానా మతంవాణ్ణి. అవి అయిపోయాక గాని సొంత సంగతులు బయటికి రావు. మీరు రాసినప్పుడూ అలాగే జరుగుతుంది. పదో వాక్యం దగ్గర కలం ఆగుతుంది. ఆగినా లేవకండి, అసలైనవి తరవాతే వస్తాయి: "నేను ఎవరికీ అక్కర్లేనివాణ్ణి", "నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు".

రాశాక ఒక్కో వాక్యాన్నీ ఎవరో కాదన్నట్టు ఊహించుకోండి. "నీకు తెలుగేం వచ్చులే" అన్నారనుకోండి. "నువ్వేం తల్లివి" అన్నారనుకోండి. ఒంట్లో ఎక్కడ బిగుసుకుంటుందో చూడండి. దవడా, గొంతా, గుండె మీదా, పొట్టలోనా? ఏమీ కాకపోతే 0, కాస్త చురుక్కుమంటే 1, ఊపిరి మారితే 2, చెయ్యి వణికినా కళ్ళలో నీళ్ళు తిరిగినా 3 అని పక్కనే వేసుకోండి. సాధనకి 2 వేసిన వాక్యాన్ని ఎంచుకోవాలి. చాలామంది పౌరుషంతో 3తో మొదలుపెడతారు. అప్పుడు ఆ ఉద్వేగంలోనే కొట్టుకుపోతారు, చూసేవాళ్ళెవరూ మిగలరు. 1తో పట్టు ఎలా ఉంటుందో తెలియనే తెలియదు.

ఇక ధ్యానంలో కూర్చోవడం. రోజుకి 20 నిమిషాలు, వీలైతే ఒకే వేళకి. మొదటి 5 నిమిషాలు ఊపిరి మీద. తరవాతి 10 నిమిషాలు ఎంచుకున్న వాక్యంతో. మనసులో ఒక్కసారి నెమ్మదిగా అనుకోండి: "నేను గౌరవం ఉన్న ఇంటి మనిషిని." ఏం వచ్చిందో చూడండి. ముందు మాటలు వినిపిస్తాయి. వెనకనే ఏదో బొమ్మ కదులుతుంది, నాన్నగారి మొహమో, పెళ్ళిపందిరో. ఆ తరవాత ఒంట్లో బిగువు. ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపట్టాలి: ఇది మాట, ఇది బొమ్మ, ఇది బిగువు. మూడూ తెలుస్తున్నాయంటే మూడూ తెలియబడేవే. తెలియబడేది తెలుసుకునేది కాజాలదు. వేదాంతంలో దృగ్దృశ్య వివేకం అన్నది ఇదే. అప్పుడు, ఇవి ఎవరికి తెలుస్తున్నాయి అని అడిగి, ఊరుకోవాలి. జవాబు కట్టొద్దు. "ఆత్మకి" అని చెప్పేసుకుంటే అది ఇంకో మాటే, దాన్నీ చూడాల్సిందే. "నేనెవరు" అన్న విచారణని మంత్రంలా జపించొద్దని రమణ మహర్షి హెచ్చరించింది ఇందుకే. చివరి 5 నిమిషాలు వాక్యాన్ని వదిలేసి, చుట్టూ వినిపించే చప్పుళ్ళు వింటూ ఉండండి. ఈ ముక్క ఎగ్గొట్టి లేచినవాళ్ళు రోజంతా చిరాగ్గా ఉంటారు.

తైత్తిరీయోపనిషత్తులోని అయిదు కోశాలని, అంటే "నేను" మీద పొరల్లా ఉన్నవాటిని, ఈ జాబితాకి జల్లెడగా వాడుకోవచ్చు. "నాకు షుగర్ ఉంది", "నేను పొట్టి" అన్నమయానికి చెందుతాయి. నీరసం, ఓపిక ప్రాణమయానికి. "నేను కోపిష్టిని" మనోమయానికి, "నాకు లెక్కలు బాగా వచ్చు" విజ్ఞానమయానికి. అయిదోది ఆనందమయం. చదువుకున్నవాళ్ళు సైతం దాన్ని గమ్యమనుకుని ఆగిపోతారు. అదీ కోశమే. "నేను ప్రశాంతంగా ఉంటాను, నాకు అహంకారం పోయింది" అన్న వాక్యం అక్కడిదే, అన్నిటికన్నా గట్టి పట్టు దానిదే. అది పుట్టిందనడానికి గుర్తేమిటంటే, పక్కవాళ్ళ అహంకారాన్ని లెక్కపెట్టడం మొదలవుతుంది.

ఇంకో తప్పుదారి మొద్దుబారడం. పట్టు సడలితే ఎదుటివాళ్ళ మాట ఇంకా బాగా వినిపించాలి, మనవడి ఏడుపు ఇంకా దగ్గరగా తగలాలి. అన్నం రుచి పోయి, ఎవరేమైనా పట్టకపోతే అది శాంతి కాదు. ఒక్కోసారి తన ఒళ్ళు తనది కానట్టూ, లోకం అద్దం వెనక ఉన్నట్టూ అనిపిస్తుంది. ఆప్తులు పోయిన కొత్తలో, పెద్ద దెబ్బ తిన్న మనసుతో, నిద్రలేని రోజుల్లో ఈ సాధన చేస్తే ఇలా అయ్యే ప్రమాదం ఎక్కువ. అలాంటప్పుడు సాధన ఆపెయ్యాలి. నడవండి, వేడిగా ఏదైనా తినండి, మనుషుల్లో ఉండండి. అయినా తగ్గకపోతే బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ వాళ్ళు ఉచితంగా మాట్లాడతారు. వైద్యుణ్ణి కలవడం సాధనకి తక్కువేమీ కాదు.

మూడో సంగతి గట్టిగా చెప్పాలి. కులం పేరుతో మాటపడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళి "గుర్తింపు వదిలెయ్యమ్మా" అనడం అన్యాయం. ఇది ఎవరికి వారు చేసుకునే పని, ఇంకొకరికి చెప్పి చేయించేది కాదు. పట్టాలో పేరు తప్పు పడితే తహసీల్ ఆఫీసుకి వెళ్ళి దిద్దించుకోవాలి. పిల్లలకి తెలుగు బడి కావాలంటే అర్జీ పెట్టాలి. పట్టు సడలినవాళ్ళు ఆ పని ఇంకా నిలకడగా చేస్తారు, ఎందుకంటే గుమాస్తా విసుక్కున్నా వాళ్ళకి అది అవమానంగా తగలదు.

ప్రేమకీ పట్టుకీ తేడా తెలియాలంటే ఈ ఊళ్ళోనే చాలాకాలం పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారిని తలుచుకోండి. వాడుక తెలుగు కోసం అంత పట్టుదలగా నిలబడ్డ మనిషే కొండల్లో సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. తన భాష మీది ప్రేమ ఆయనకి ఇంకో భాష ముందు అడ్డుగోడ కాలేదు.

బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర చూసే ఉంటారు. మొక్కు ఉన్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు. పులి వేషం కట్టినవాడు రంగు సరిగా పులుముకుంటాడు, డప్పుకి తగ్గట్టు ఆడతాడు. మొక్కు కాబట్టి అరకొరగా ఆడడు. అలాగని ఇంటికెళ్ళి పులినంటూ కూర్చోడు. తండ్రిగా, టీచర్‌గా, తెలుగువాడిగా ఉండటం కూడా అలాగే నడవాలి, పూర్తిగా.

రోజువారీ మాటల్లో ఒక్కటి చాలు. చురుక్కుమన్నప్పుడు జవాబివ్వకముందు మూడు ఊపిరులు తీసి, ఇప్పుడు తగిలింది ఏ వాక్యానికి అని వెతకండి. జాబితాలో దాని అంకె గుర్తుకొస్తే గొంతు దానంతటదే తగ్గుతుంది. నెల తరవాత పాత కాగితం చూడకుండా కొత్తది రాసి, రెండూ పక్కపక్కన పెట్టండి. వాక్యాలు అవే ఉండొచ్చు, ఫరవాలేదు. అంకెలు పోల్చండి. 2 కాస్తా 1 అయితే సాధన సాగుతున్నట్టు. అన్నీ ఒకేసారి 0 అయ్యాయంటే అనుమానించండి. మొద్దుబారి ఉండొచ్చు, లేదా అయిదో కోశం మాట్లాడుతూ ఉండొచ్చు.

కాగితాలు పంచుతున్నారు. తెలుగులో రాసినా ఒడియాలో రాసినా ఒకటే. పేరు రాయక్కర్లేదు, ఎవరూ తీసి చదవరు. 20 వాక్యాలు, 12 నిమిషాలు. మొదలుపెట్టండి.