ఫీడర్ తీసేస్తేనే పిట్ట వెళ్తుందా?

"ఆగస్టు వచ్చేసింది, ఆ చక్కెర నీళ్ల ఫీడర్ తీసెయ్. లేకపోతే హమ్మింగ్‌బర్డ్‌లు వలస మానేసి ఇక్కడే చలికి చస్తాయి." ఏటా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. (హమ్మింగ్‌బర్డ్‌లంటే పూల తేనె తాగే బుల్లి పిట్టలు. వాటి కోసమే పెరట్లో ఈ చక్కెర నీళ్ల ఫీడర్ వేలాడదీస్తాం.) ఈసారి కెమెరా పెట్టి మరీ చెబుతున్నా. అలా జరగదు!

హైదరాబాద్‌లో విజయవాడ బస్సెక్కారు. సూర్యాపేటలో హోటల్ ముందు ఆపాడు. ఇడ్లీ బాగుందని విజయవాడ వెళ్లడం మానేస్తారా? అమెరికాలోని కొలరాడోలో, ఎస్టెస్ పార్క్ దగ్గర, 7,500 అడుగుల ఎత్తులో ఉన్న మా పెరటి ఫీడర్ కూడా సూర్యాపేట హోటలే. పగటి పొద్దు తగ్గడం మొదలైతే చాలు, పిట్టకి ప్రయాణం గుర్తొస్తుంది. మన చక్కెరతో దానికి పని లేదు.

[కిటికీ వైపు చూపిస్తూ] అదిగో, ఇటుక రంగువాడు, రూఫస్ అనే రకం హమ్మింగ్‌బర్డ్. బరువు మూడు నాలుగు గ్రాములు, మన రూపాయి బిళ్ళంత. వీళ్ల గూళ్లు అమెరికా వాయవ్యం నుంచి అలాస్కా దాకా ఉంటాయి. జులై నుంచే ఈ కొండల మీదుగా మెక్సికోకి దిగుతారు. హోటల్లో నలుగురి బల్ల ఒక్కడే ఆక్రమించి, ఎవరు కూర్చోబోయినా మీదికి లేచేవాడు ఉంటాడు చూడండి, అచ్చం వాడే. ఇక్కడే గూళ్లు కట్టే బ్రాడ్‌టెయిల్డ్ అనే ఇంకో రకం హమ్మింగ్‌బర్డ్‌లని కూడా తరిమేస్తాడు. (వాటిలో మగది ఎగిరితే రెక్కల కొసలు గలగలమంటాయి. నా ఓటు దానికే.) దీనికి ఒకటే మందు. ఇంటి మూల తిరిగి, మొదటిది కనపడని చోట ఇంకో ఫీడర్ కట్టండి.

ఆగస్టులో వచ్చే రూఫస్‌లలో ఈ ఏడు పుట్టిన పిల్లలు చాలానే ఉంటాయి. తల్లి తోడు రాదు, గుంపూ ఉండదు. మొదటిసారి ఒంటరిగా బస్సెక్కిన పిల్లలన్నమాట. వాళ్లొచ్చే వేళకి హోటల్ మూసేస్తారా? పైగా రాత్రి చలికి ఒళ్లు చల్లబరుచుకుని, కదలకుండా మొద్దులా పడి ఉంటాయి. తెల్లారగానే తిండి కావాలి.

అయ్యో, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. నాలుగు కప్పుల నీళ్లకి ఒక కప్పు పంచదార. తేనె, బెల్లం వద్దు. ఎర్ర రంగు అసలే వద్దు, ఫీడరే ఎర్రగా ఉంది కదా! ఎండగా ఉంటే రెండు రోజులకోసారి కడిగి మార్చండి. చివరి పిట్ట కనపడ్డాక ఇంకో రెండు వారాలు ఉంచి తీసెయ్యండి. రాత్రిళ్లు మాత్రం లోపల పెట్టుకోండి. ఎలుగుబంట్లు చలికాలానికి ముందు తెగ తినే రోజులివి. పోయినేడు ఒకటి వచ్చి మా ఫీడర్ మొత్తం తాగేసి, కొక్కెం వంచేసి పోయింది. బిల్లు కూడా కట్టలేదు.