లాంగ్ ఎన్ని బైట్లు? కంపైలర్‌నే అడుగుదాం

(హన్మకొండలో ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మడికొండ ఐటీ పార్కు నుంచి పని మధ్యలో వచ్చినవాళ్లూ ఉన్నారు, సంతోషం. నేరుగా విషయంలోకి వస్తాను.

సీ భాషలో పూర్ణాంకాలు దాచే లాంగ్ అనే టైపు ఎన్ని బైట్లు? ఎనిమిది అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. 64 బిట్ లైనక్స్‌లో అయితే నిజమే. అదే ల్యాప్‌టాప్‌లో 64 బిట్ విండోస్ వేసి, మైక్రోసాఫ్ట్ కంపైలర్ (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) వాడండి, నాలుగే వస్తాయి. సీ ప్రమాణం కనీస హద్దు చెప్పి, మిగతాది కంపైలర్‌కు వదిలేసింది. అందుకే ఊహించి రాయొద్దు, అడిగి రాయండి.

ఆ అడిగే పని, బిల్డ్‌కు ముందు మన మెషీన్‌లో ఏమేం ఉన్నాయో చూసే కాన్ఫిగర్ స్క్రిప్టుది. స్క్రీన్ మీద 'చెకింగ్' అంటూ లైన్లు గబగబా పోతుంటే మనలో చాలామంది చాయ్‌కి లేస్తాం. టైపు ఉందో లేదో చూసే ప్రతి లైను వెనకా ఒక బుల్లి సీ ప్రోగ్రాం ఉంటుంది. అది కంపైల్ అయితే 'యెస్', కాకపోతే 'నో'. ఫలితం, ప్రాజెక్టు కోడ్ చూసుకునే కాన్ఫిగ్ డాట్ హెచ్ అనే ఫైల్‌లో చేరుతుంది.

మరి ఇంటెల్ మెషీన్ మీద కూర్చుని, వేరే రకం ప్రాసెసర్ ఉన్న బుల్లి కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై కోసం బిల్డ్ చేస్తుంటే? ఆ ప్రోగ్రాం ఇక్కడ నడవదు, సైజు ప్రింట్ చేయించలేం. కాన్ఫిగర్ స్క్రిప్టును తయారుచేసే ఆటోకాన్ఫ్ ఇక్కడ చేసే పని నాకు భలే ఇష్టం. ఒక ఎర్రే డిక్లేర్ చేస్తుంది. షరతు నిజమైతే దాని సైజు 1, అబద్ధమైతే మైనస్ 1. మైనస్ సైజు ఎర్రేను కంపైలర్ ఒప్పుకోదు కదా! లాంగ్ సైజు ఇంతకు మించదా అని హద్దు మారుస్తూ అడిగి, ప్రోగ్రాం నడపకుండానే జవాబు రాబడుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది 'నో' దగ్గర. 'నో' అంటే ఆ టైపు లేదని కాదు, ఆ బుల్లి ప్రోగ్రాం కంపైల్ కాలేదని మాత్రమే. ఆ టైపు డెఫినిషన్ ఉన్న హెడర్ ఫైలు కలపకపోయినా 'నో' వస్తుంది. కంపైలర్‌కు ఆప్షన్లు ఇచ్చే సీఫ్లాగ్స్‌లో, వార్నింగులను ఎర్రర్లుగా చూడమనే మైనస్ డబ్ల్యూఎర్రర్ ఫ్లాగు పెట్టి కాన్ఫిగర్ నడిపితే, వాడని వేరియబుల్ గురించిన వార్నింగ్ కూడా ఎర్రర్ అయిపోతుంది. ఉన్న టైపు లేనట్టు నమోదవుతుంది. ఆపైన ప్రాజెక్టు దాని బదులు తన సొంత డెఫినిషన్ వాడుతుంది. అది తప్పు సైజుదైతే బిల్డ్ సాఫీగానే సాగుతుంది, డేటా ఎక్కడో పాడవుతుంది. ఆ ఫ్లాగును కాన్ఫిగర్ అయ్యాక, అసలు బిల్డ్ చేసే మేక్ దశలో ఇవ్వండి చాలు.

కొత్త కోడ్ అయితే, 1999 సీ ప్రమాణం తెచ్చిన ఎస్‌టీడీఇంట్ డాట్ హెచ్ అనే హెడర్‌లోని ఇంట్64_టీ లాంటి, సైజు ముందే ఖాయమైన టైపులు వాడితే సగం టెన్షన్ పోతుంది. ఫైల్ సైజుకీ, టైముకీ మాత్రం చెకింగ్ తప్పదు: సమయాన్ని సెకన్లలో దాచే 32 బిట్ టైమ్_టీ 2038 జనవరి 19న నిండిపోతుంది.

ఇక ల్యాప్‌టాప్‌లు తెరవండి. కాన్ఫిగర్ తన పరీక్షలన్నీ రాసిపెట్టే కాన్ఫిగ్ డాట్ లాగ్ ఫైల్‌లో 'నో' అని వచ్చిన మొదటి టైపు దగ్గరికి వెళ్లి, దాని పైనున్న ఎర్రర్ మెసేజ్ చదవండి.