ఇంకో సెలైన్ పెట్టండి సిస్టర్! (వానాకాలం జ్వరాల ఎపిసోడ్ అనుకున్నాం)

శీను: నమస్కారం. మళ్ళీ మేమే. ఈ వారం టాపిక్ మీరు అడిగిందే, వానాకాలం జ్వరాలు. డెంగ్యూ, టైఫాయిడ్, మలేరియా, మామూలు వైరల్. ఏది ఏదో ఎట్లా పోల్చుకోవాలి, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి. గుంటూరు నుంచి పొద్దున్నే బండి మీద వచ్చా. విజయవాడ సూర్యారావుపేటలో మన నర్సు రమక్క వాళ్ళింట్లో కూర్చున్నాం. ఇవాళ పక్కదారి పట్టేది లేదు.

రమ: పంపుసెట్టు ఎపిసోడ్ తర్వాత ఆ మాట నువ్వు అనకూడదురా.

శీను: (నవ్వు) అది వేరు. ముందు ఒక్క ముక్క చెప్పి మొదలుపెడతా. మా చిన్నబాబాయికి పోయిన వారం జ్వరం. తగ్గిందిగానీ మంచం దిగడు. మనిషి వేలాడిపోయాడు. పిన్నేమో పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం బ్రెడ్డు. అసలు జ్వరమొచ్చినోడికి బ్రెడ్డు పెట్టాలని ఎవరు కనిపెట్టారక్కా? నాకు ఆ వాసన వస్తేనే ఒళ్ళు వేడెక్కిద్ది.

రమ: మొదలెట్టావు బ్రెడ్డు పురాణం.

శీను: సరే, వదిలేశా. నేనే తీసుకెళ్ళి రెండు సెలైన్లు ఎక్కించా. సాయంత్రానికి లేచి కూర్చుని గోంగూర పచ్చడి అడిగాడు. అంతే. అరపూటలో మనిషి లేచాడు.

రమ: ఎవరు రాశారు సెలైన్?

శీను: రాయడమేంటి? మా వీధి చివర ఆయన ఉన్నాడుగా, ఆయనే పెట్టాడు.

రమ: ఆర్‌ఎంపీ. ఏ సెలైన్ పెట్టాడు? సెలైన్‌లో రకాలుంటాయి కదా, ఎన్‌ఎస్సా, డీఎన్‌ఎస్సా, ఆర్‌ఎల్లా?

శీను: పసుపుది.

రమ: (చాలాసేపు నవ్వు) పసుపుది! విన్నారా? అది బీకాంప్లెక్స్ ఇంజెక్షన్‌రా. బాటిల్లోకి ఎక్కిస్తే నీళ్ళు పసుపు రంగుకి తిరుగుతాయి. వార్డులో కూడా అడుగుతారు, "సిస్టర్, మా మంచానికి తెల్లది పెట్టారేంటి, పక్కాయనకి బలానిది పెట్టారు" అని.

శీను: బలం రాబట్టేగా లేచాడు.

రమ: లెక్క చెప్తా విను. నార్మల్ సెలైన్ 500 మిల్లీలీటర్ల బాటిల్లో ఉప్పు నాలుగున్నర గ్రాములు. మిగతాదంతా నీళ్ళు. బలం సున్నా. గ్లూకోజు బాటిల్, 5 శాతంది, 25 గ్రాముల చక్కెర. రెండిడ్లీలు తింటే వచ్చే శక్తి దానికంటే తక్కువేం కాదు. నోటితో తినగలిగిన మనిషికి చెయ్యి పొడిచి, నాలుగు గంటలు పడుకోబెట్టి నువ్వు పెట్టించింది అదీ.

శీను: మరి లేచాడుగా!

రమ: జ్వరం అప్పటికే తగ్గిందన్నావుగా. మర్నాటికి ఎట్లాగూ లేచేవాడు. నాకు అనుమానం గోంగూర దగ్గర.

శీను: గోంగూర ఏం చేసింది నిన్ను?

రమ: ఆ రంగు నీళ్ళలో ఇంకేం కలిపాడు? స్టెరాయిడ్ పడితే జ్వరం, నొప్పులు ఇట్టే తగ్గుతాయి, ఆకలి లేస్తుంది, మనిషి హుషారవుతాడు. బాబాయికి షుగరుంది కదా, ఆ రాత్రి చూశారా ఎంతుందో?

శీను: చూడలేదు. కానీ అక్కా, నువ్వు ఉన్నట్టుండి ఆయన్ని దొంగని చేస్తున్నావు. రాత్రి పదకొండింటికి తలుపు కొడితే తీసేది ఆయనే. మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు మూడు రోజులు పడుకుంటే కూలి ఎవరిస్తారు? పెద్దాస్పత్రికి పోతే ముందు ఓపీ, తర్వాత సీబీపీ అని రక్తం టెస్టు, తర్వాత ఇంకో నాలుగు టెస్టులు. ఆయన రెండొందలు తీసుకుని మనిషిని పనికి పంపిస్తాడు. మీరు తిట్టడం తేలిక.

రమ: రాత్రి తలుపు తీస్తాడన్నది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ అదే జ్వరం డెంగ్యూ అయితే? టైఫాయిడ్ అయితే? స్టెరాయిడ్‌తో జ్వరం కనపడకుండా పోద్ది, లోపల జబ్బు దాని పని అది చేసుకుపోద్ది. అందుకే ఎప్పుడూ మొత్తుకుంటాను, కాగితం మీద...

శీను: ...జ్వరం చార్టు రాయండి. వచ్చేసింది! ఎవరైనా లెక్కపెడుతున్నారా?

రమ: రాస్తే అరిగిపోతారా? ఏ రోజు మొదలైంది, పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, ఏ మాత్ర వేశారు. డాక్టరుకి నీ కథ కంటే ఆ కాగితం ఎక్కువ చెప్తుంది.

శీను: సరే, సెలైన్ దండగ అయితే ఆస్పత్రుల్లో ప్రతి మంచానికీ ఆ స్టాండు ఎందుకు?

రమ: దండగ అని నేను అన్నానా? వాంతులు ఆగకుండా గుక్కెడు నీళ్ళు నిలవనివాడికి, విరేచనాలతో కళ్ళు గుంటలు పడి స్పృహ తప్పుతున్నవాడికి అది ప్రాణం. 2018 మార్చిలో మీ గుంటూరులో, ఆనందపేట వైపు, తాగేనీళ్ళలో మురుగు కలిసినప్పుడు ఎంతమందికి పెట్టారు! తాగగలిగేవాడికి మాత్రం ఓఆర్‌ఎస్, అదే ఉప్పు, గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళు, చాలు.

శీను: ఓఆర్‌ఎస్ తాగితే వైద్యం చేయించినట్టుండదక్కా. నిజం చెప్తున్నా. పొడి కలిపి తాగించి పంపితే ఎవడూ డబ్బులివ్వడు.

రమ: 1971లో బంగ్లాదేశ్ యుద్ధం. పశ్చిమ బెంగాల్‌లో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా. నేల మీద జనం. సెలైన్ చాలట్లేదు. దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించి, ఇంట్లోవాళ్ళ చేతే గ్లాసులతో తాగించారు. చావులు అమాంతం తగ్గాయి. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆ నీళ్ళని నువ్వు వైద్యం కాదంటున్నావు.

శీను: ఇది నాకు తెలీదు. పిల్లలకి డబ్బాలో వచ్చే ఆరెంజ్‌దీ అదేనా?

రమ: కాదు! వాటిల్లో చక్కెర ఎక్కువ. విరేచనాలకి అది తాగిస్తే ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి కొట్లాడితే, 2025 అక్టోబరులో వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వేయకూడదని ఫుడ్ సేఫ్టీ వాళ్ళు (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) అన్నారు. పొడి ప్యాకెట్టు కొను, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉంటుంది. లీటరు ప్యాకెట్టయితే లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో కాదు.

శీను: దాంట్లో బ్రెడ్డు ముంచుకుని...

రమ: కొడతా.

శీను: (నవ్వు) చక్రం తిప్పే సంగతి చెప్పక్కా, మొన్న ఫోన్లో చెప్పావే.

రమ: ఆ, అది. ట్యూబుకి చిన్న చక్రం ఉంటుంది కదా. 500 బాటిల్ నాలుగు గంటల్లో పోవాలంటే, మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే సెట్టుకి, నిమిషానికి 42 చుక్కలు. మేము వాచీ చూసుకుంటూ లెక్కపెట్టి పెడతాం. అటు తిరగ్గానే అటెండరుగా వచ్చిన బంధువు చక్రం జరుపుతాడు. ఎందుకయ్యా అంటే, "ఎనిమిదింటికి తెనాలి బస్సుంది మేడం." గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉన్న పెద్దవాళ్ళకి అట్లా గబగబా ఎక్కిందంటే పడుకోలేరు, ఆయాసం. లేచి కూర్చుని గాలికోసం కొట్టుకుంటారు.

శీను: అమ్మో. మా బాబాయికి రెండూ గంటన్నరలో అయిపోయాయి.

రమ: గంటన్నరలో రెండా?

శీను: ...స్టెంటు వేసి మూడేళ్ళయిందిలే. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

రమ: పాదాలు వాచాయేమో ఈ రాత్రి చూడు. తమాషా కాదు.

శీను: చూస్తా.

రమ: 2024లో బుడమేరు వరదొచ్చింది కదా, ఆ తర్వాత మాట. సింగ్‌నగర్ పిల్లాడు, ఇంటర్. డెంగ్యూ. ఐదో రోజుకి జ్వరం తగ్గింది. తండ్రి కిందికెళ్ళి అందరికీ టీ తెచ్చాడు. నేను పిల్లాడి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. కడుపునొప్పి అంటున్నాడు. పొద్దున్నుంచీ ఒంటేలుకి పోలేదు. డెంగ్యూలో గండం అదే, జ్వరం దిగాకే మొదలవుతుంది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది, రక్తం చిక్కబడుతుంది. అందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అంటారు, అదే కాగితం మీద పీసీవీ, అంటే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకె, పెరుగుతుంటే ఎవరూ చూడరు.

శీను: ఊఁ.

రమ: ఆ రోజు సెలైనే కాపాడింది. కిలోకి ఇంత అని లెక్కకట్టి, బీపీ చూస్తూ గంటగంటకీ మార్చారు. ఏడో రోజు ఆపేశారు. ఎందుకంటే కారిన నీరంతా తిరిగి రక్తంలోకి వచ్చే టైమది. అప్పటికీ ఎక్కిస్తుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తండ్రికి అది ఎట్లా అర్థమవుతుంది? ఖాళీ స్టాండు చూసి కేకలు. "డబ్బులు కడుతున్నాగా, బాటిల్ ఎందుకు తీసేశారు?" కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఆ కొక్కెం వంకే చూస్తూ నిలబడ్డాడు రాత్రంతా.

శీను: పిల్లాడు?

రమ: ఇంటికెళ్ళాడు. తండ్రి నాతో మాట్లాడకుండానే వెళ్ళాడు.

శీను: ...

రమ: ఏంట్రా అట్లా అయిపోయావు. టాపిక్‌లోకి రా.

శీను: టాపిక్, ఆ. టైఫాయిడ్. మా ఏరియాలో ఎవరికి జ్వరమొచ్చినా టైఫాయిడే.

రమ: వైడాల్ అనే రక్తపరీక్ష ఒక్కటే చేయించి చెప్తే అంతే. ఎప్పుడో వచ్చి పోయిన దానికి కూడా అది పాజిటివ్ చూపించొచ్చు. యాంటీబయాటిక్ మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి, అంటే రక్తంలో క్రిమిని పెంచి చూసే పరీక్షకి, ఇవ్వాలి. జ్వరం రోజురోజుకీ మెట్లెక్కినట్టు పెరుగుతుంటే అనుమానించాలి. అందుకే చార్టు...

శీను: రెండోసారి! డెంగ్యూ టెస్టు?

రమ: మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్ష, తర్వాత ఐజీఎం అనేది. జ్వరానికి పారాసిటమాల్ తప్ప డైక్లో, బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు, రక్తం కారే ప్రమాదం.

శీను: మలేరియా?

రమ: చలితో వణుకు, తర్వాత వేడి, తర్వాత చెమట. ఒక చుక్క రక్తంతో తేలిపోద్ది. అయితే జ్వరం ఉన్నప్పుడే...

శీను: ఒక్క నిమిషం అక్కా, కింద ఎవరో బండి తీయమని అరుస్తున్నారు.

రమ: నీదేనా?

శీను: గేటుకి అడ్డం పెట్టలేదే... ఆ, నాదే. వస్తున్నా! వస్తున్నానండీ! అక్కా, అది ఆపు, ఆ ఎర్ర బటన్...