మోటుపల్లి ఓడలో మిరపకాయలు

తోటి అధ్యాపకులందరికీ నమస్కారం.

కిందటేడు మా డిగ్రీ పిల్లలకు 'కాకతీయుల కాలంలో వర్తకం' అని ప్రాజెక్టు ఇచ్చాను. నలభై స్పైరల్ బైండింగులు టేబుల్ మీదికొచ్చాయి. చాలావరకు ఒకే జిరాక్స్ షాపులో పుట్టినవే. ఒకదాంట్లో సర్టిఫికెట్ పేజీ మీద వేరే కాలేజీ పేరు అలాగే ఉండిపోయింది! తిడదామనుకున్నాను గానీ, అంతకుముందు ఏళ్లలో అలాంటివాటికి చదవకుండా ఎన్ని సంతకాలు పెట్టానో నాకు తెలుసు.

ఈ ఏడాది వ్యాసం వద్దన్నాను. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం అనువాదం చేతికిచ్చాను. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా మునుపటి రాజులు లాక్కునేవారు. ఇక అలా జరగదు, ముప్ఫయ్యో వంతు సుంకమే తీసుకుంటామని అందులో రాజు మాట ఇస్తాడు. "ఆ ఓడలో వర్తకుడు మీరే. ఇంటికి ఉత్తరం రాయండి" అన్నాను. షరతు ఒక్కటే. ఉత్తరంలో పేరెత్తిన ప్రతి సరుకుకూ, ఊరికీ, లెక్కకూ పక్కన మార్జిన్‌లో ఆధారం చూపాలి.

మార్కులు 50. ఉత్తరానికి 15, ఆధారాలకు 25, ఎదురుగా కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలకు 10. ఏఐతో రాయించుకొచ్చినవాళ్లూ ఉన్నారు, మార్జిన్ దగ్గర దొరికిపోయారు. ఒకమ్మాయి మాత్రం "నాకు కథలు రావు సార్, వ్యాసమే రాస్తాను" అంది. సరేనన్నాను, అదే షరతు మీద. దిద్దడానికి నాకు రెండు ఆదివారాలు పోయాయి, అది కూడా చెప్పాలి.

గుంటూరు జిల్లా కుర్రాడొకడు తుఫానులో మిరపకాయ బస్తాలు తడిసిపోవడం కళ్లకు కట్టినట్టు రాశాడు. క్లాసులో చదివితే చప్పట్లు కొట్టారు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి "మార్జిన్‌లో ఏముంది సార్?" అంది. ఖాళీ! వాడు శాసనం మళ్లీ తిరగేశాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, పోకలు... మిరప లేదు. లైబ్రరీకెళ్లి రెండ్రోజులు వెతికాడు. మిరప అమెరికా ఖండపు మొక్కట, 1500 దాటాక పోర్చుగీసువాళ్లతో మన తీరానికి వచ్చిందట. పాపం, గుంటూరోడు నమ్మలేకపోయాడు.

"మరి అప్పట్లో పచ్చళ్లలో కారానికి ఏం వేసేవాళ్లు సార్?" అన్నాడు. నాకూ తెలీదు, రెండో ఉత్తరంలో నువ్వే రాయమన్నాను. మార్జిన్‌తో సహా.