జీసీటీఏతో ఎస్‌ఎన్‌పీ హెరిటబిలిటీ: ముందు బంధువుల్ని తీసేయండి

హాయ్ అండీ. టెర్మినల్ కనిపిస్తోంది కదా? ఫాంట్ కాస్త పెంచాను. ఈరోజు ఏం చేద్దామంటే, మనుషుల ఎత్తుల్లో ఉన్న తేడాల్లో జీన్ల వాటా, అంటే హెరిటబిలిటీ, ఎంతో జీసీటీఏ అనే ప్రోగ్రామ్‌తో లెక్కగడదాం. ఎత్తు ఒక్క జీన్‌తో తేలేది కాదు, వేల చోట్ల ఉన్న చిన్న చిన్న తేడాలు కలిస్తే వచ్చేది. అందుకని ఒక్కో ఎస్‌ఎన్‌పీని (డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ ఒక్క అక్షరం మారే చోటు) విడిగా పట్టుకోకుండా, అన్నిటినీ కలిపి ఒకే రాండమ్ ఎఫెక్ట్‌గా, అంటే ఒకే మొత్తం ప్రభావంగా పెడతాం. మిక్స్‌డ్ మోడల్ అంటే ఇక్కడ అదే.

జన్యు డేటా ఉండే బెడ్, బిమ్, ఫ్యామ్ ఫైళ్లు ఇవిగో. క్వాలిటీ కంట్రోల్ ప్లింక్ అనే ప్రోగ్రామ్‌లో చేసేశాను, ఎమ్‌ఏఎఫ్ (మరీ అరుదైన ఎస్‌ఎన్‌పీల్ని తీసేసే హద్దు) 0.01, మిగతావి స్క్రీన్ మీద ఉన్నాయి, పాజ్ చేసి చూసుకోండి. ఇప్పుడు మేక్ జీఆర్‌ఎమ్, అంటే అందరి మధ్య జన్యు పోలికల పట్టిక తయారీ... ఎంటర్. ఇది నడిచేలోపు ఓ మాట. ఇంత పొడుగు కమాండ్లు నేనెప్పుడూ మళ్లీ టైప్ చెయ్యను. కంట్రోల్ ఆర్ కొట్టి రెండక్షరాలు వేస్తే పాతది వచ్చేస్తుంది. సర్వర్ మీదైతే, కనెక్షన్ తెగినా పని ఆగకుండా చూసే టీమక్స్ కూడా వాడతాను, లేకపోతే నెట్ పోయిందంటే పనీ పోయినట్టే. ఆఁ, అయిపోయింది.

ఇక్కడ ఆగండి. సరిగ్గా ఇక్కడే నేను బోల్తా పడ్డాను. నేరుగా రెమ్ల్ (జీన్ల వాటాని అంచనా వేసే లెక్క) నడిపేస్తే హెరిటబిలిటీ 0.8 దాటింది. రెండ్రోజులు సంబరపడ్డాను! తీరా చూస్తే డేటా నిండా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. జీఆర్‌ఎమ్ అంటే ఏ ఇద్దరికి జన్యుపరంగా ఎంత పోలిక ఉందో చెప్పే పట్టిక. సంబంధం లేనివాళ్లకి సున్నా దగ్గర, తోబుట్టువులకి 0.5 దగ్గర, అన్నదమ్ముల పిల్లలకి 0.125 దగ్గర ఉంటుంది. కానీ తోబుట్టువులు పంచుకునేది జీన్లే కాదు కదా, ఇల్లూ తిండీ కూడా. మోడల్‌కి ఆ తేడా తెలీదు, అదంతా జీన్ల ఖాతాలో వేసేస్తుంది. అందుకే ఇదిగో, జీఆర్‌ఎమ్ కటాఫ్ 0.05. అంతకంటే దగ్గరి జంట ఉంటే ఒకళ్లని తీసేస్తుంది. ఎంతమంది మిగిలారో లాగ్‌లో చూడండి, చూడకుండా ముందుకెళ్లద్దు.

ఇక రెమ్ల్. ఎత్తులుండే ఫినో ఫైల్, క్యూకోవార్ ఫైల్‌లో మొదటి 10 పీసీలు (పూర్వీకుల తేడాల్ని పట్టే ప్రిన్సిపల్ కాంపొనెంట్లు), ఎంటర్. హెచ్‌ఎస్‌క్యూ ఫైల్ తెరిస్తే వీజీ బై వీపీ అనే లైను, అంటే మొత్తం తేడాలో జీన్ల వాటా, అదే మనకి కావాల్సింది. పక్కనున్న ఎస్‌ఈ (స్టాండర్డ్ ఎర్రర్, అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేది) కూడా చూడాలి. 2010లో ఎత్తు మీద వచ్చిన పేపర్‌లో 3,925 మందితో 0.45 వచ్చింది, ఎస్‌ఈ 0.08. అదే వెయ్యి మందితో చేస్తే ఎస్‌ఈ 0.3 దగ్గర తేలుతుంది. అప్పుడు 0.4 వచ్చినా, 0.1 వచ్చినా ఏమీ చెప్పలేం.

స్క్రిప్ట్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను, ఫైల్ పేర్లు మాత్రం మీవి మార్చుకోండి.