దున్నపోతుకు వినతిపత్రం ఇస్తే కోపం ఎవరికొస్తుంది?

అందరికీ నమస్తే. ఈ సీన్ మీరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. కలెక్టరేట్ ముందు టెంట్. జీతాలు రాని కాంట్రాక్టు ఉద్యోగులో, ఇంకెవరో, రెండు వారాలుగా అక్కడే కూర్చున్నారు. లోపలి నుంచి ఒక్కరూ బయటికి రాలేదు. ఓ రోజు పొద్దున్నే ఎవరో దున్నపోతును తోలుకొస్తారు. మెడలో దండ వేస్తారు, దండం పెడతారు, వినతిపత్రం చేతికిస్తారు. చేతికంటే... మూతి దగ్గర పెడతారు. అది ఓసారి వాసన చూస్తుంది, ఆకలి మీదుంటే నమిలేస్తుంది. అన్ని రోజులూ రాని కెమెరాలు ఆ రోజు వచ్చేస్తాయి.

మనకు నవ్వెందుకొస్తుందంటే, అందులో వివరించాల్సింది ఏమీ లేదు. 'దున్నపోతు మీద వాన పడ్డట్టు' అని ఇంట్లో మనం పిల్లల్ని తిట్టే మాటే అది. వాళ్ళు ఆ మాట నోటితో అనలేదు, తాడు కట్టి రోడ్డు మీద నిలబెట్టారు, అంతే. ఎవరి పేరూ ఎత్తలేదు. మరి ఆఫీసరు గారికి కోపం వస్తే ఏం చేయాలి? 'నన్ను దున్నపోతన్నారు' అని ఫిర్యాదు రాయాలంటే, ముందు అది తానేనని ఆయన ఒప్పుకోవాలి కదా!

చెవిలో పువ్వు కూడా ఇలాంటిదే. 2023 ఫిబ్రవరి 17న కర్ణాటక అసెంబ్లీలో ముఖ్యమంత్రి బొమ్మై బడ్జెట్ చదువుతుంటే, ప్రతిపక్ష నేత సిద్ధరామయ్య, కాంగ్రెస్ సభ్యులు చెవిలో పువ్వులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ నానుడి కన్నడంలోనూ ఉంది. ఆ ఫోటో కింద వ్యాఖ్య రాయకపోయినా మైసూరు నుంచి శ్రీకాకుళం దాకా అర్థమైపోతుంది. రోడ్డు గుంతల్లో వరినాట్లు వేయడం సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన కేసుకి వద్దాం. తెలుగుదేశం తరఫున చిత్తూరు ఎంపీగా చేసిన డాక్టర్ నారమల్లి శివప్రసాద్ గారు. ఆంధ్రప్రదేశ్‌కి ఐదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తామని 2014 ఫిబ్రవరి 20న ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో చెప్పారు. తర్వాత ప్రభుత్వం మారింది. నాలుగేళ్ళయినా హోదా రాలేదు. 2018 మార్చిలో తెలుగుదేశం ఎన్డీఏ నుంచి బయటికొచ్చింది. ఆ ఏడాది శివప్రసాద్ గారు పార్లమెంటు ఆవరణలో ఎన్ని వేషాలు కట్టారో! నారదుడు, బడి పిల్లాడు, చీర కట్టిన మహిళ. ఆగస్టులో హిట్లర్.

ఢిల్లీ వాళ్ళకి అది వింతగా కనిపించింది. మనకి కాదు, పగటివేషాలు చూసిన వాళ్ళం. పగటివేషగాళ్ళు యజ్ఞం చేసిన సోమయాజులు, ఆయన భార్య సోమిదేవమ్మ వేషం కట్టి, ఆ సోమయాజుల ఇంటి ముందే నిలబడి వెటకారం చేసేవాళ్ళు. ఇంటాయన నవ్వి బియ్యం పెట్టాలి. కసురుకున్నాడా, వీధంతా రెట్టింపు నవ్వుతుంది. సినిమాల్లో నటించి, దర్శకత్వం చేసిన శివప్రసాద్ గారికి ఆ విద్య చేతిలోనే ఉంది.

కానీ నాకెందుకో ఆ నవ్వు దారి తప్పిందనిపిస్తుంది. 'ఈ రోజు ఏ వేషం?' అన్నదే వార్త అయింది, హోదా ఆ వార్తలో ఆఖరి పేరాకు వెళ్ళింది. పైగా కేంద్రానికి ఇబ్బందేముంది? మంత్రులు పక్కనుంచి నవ్వుకుంటూ వెళ్ళిపోవచ్చు, బియ్యం కూడా పెట్టక్కర్లేదు. ఆయన మీద గౌరవం లేక కాదు ఈ మాట. 2018 జులై 20న కేంద్రం మీద తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానం 126-325 ఓట్లతో వీగిపోయింది. ఆ లెక్క ఏ వేషంతోనూ మారేది కాదు. హోదా అన్న మాట జాతీయ పత్రికల్లో అన్ని రోజులు నలిగిందంటే అందులో ఆయన వాటా ఉంది. 2019 సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు.

పక్కనుంచి వెళ్ళిపోయే వీలు కూడా లేకుండా చేసినవాళ్ళు పోలండ్‌లో ఉన్నారు. 1981 డిసెంబరు 13న అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం సైనిక శాసనం పెట్టింది. జనం రాత్రిపూట గోడల మీద సాలిడారిటీ అనే కార్మిక ఉద్యమ నినాదాలు రాసేవాళ్ళు, పొద్దున్నే ప్రభుత్వం వాటి మీద సున్నం కొట్టేది. ఊరంతా తెల్ల మచ్చలే. 1982లో వ్రోత్స్వావ్ నగరంలో వాల్డెమార్ ఫిద్రిఖ్ అనే కుర్రాడు ఆ మచ్చల మీద టోపీ పెట్టుకున్న మరుగుజ్జుల బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. పోలీసులు పట్టుకుని అడిగితే మార్క్సిజం పాఠం అప్పజెప్పాడు: నినాదం వాదం, సున్నం ప్రతివాదం, మరుగుజ్జు వాటి సమన్వయం!

అక్కడి నుంచి 'ఆరెంజ్ ఆల్టర్నేటివ్' అనే గుంపు తయారైంది. 1987 నవంబరు 6న వాళ్ళు చేసింది నాకు భలే ఇష్టం. మర్నాడు రష్యా అక్టోబరు విప్లవానికి (పాత క్యాలెండర్ లెక్కన అక్టోబరు, ఇప్పటి లెక్కన నవంబరు 7) 70 ఏళ్ళు. విప్లవాన్ని ఘనంగా జరుపుకుందాం, అందరూ ఎర్రటిది ఏదైనా వేసుకుని రండి అని పిలిచారు. ఎర్ర బట్టలు లేనివాళ్ళు రొట్టె మీద టొమాటో కెచప్ పోయించుకుని రావచ్చట. పాపం పోలీసులు! కమ్యూనిస్టు రాజ్యంలో, కమ్యూనిస్టు పండగ పూట, ఎర్ర బట్టలు వేసుకున్నవాళ్ళని వెతికి వెతికి వ్యాన్ ఎక్కించాల్సి వచ్చింది. వదిలేస్తే ఊరంతా గేలి. పట్టుకుంటే అంతకన్నా గేలి. 1988 జూన్ 1న బాలల దినోత్సవం నాటికి, మరుగుజ్జు టోపీలతో పది వేల మందికి పైగా వీధుల్లోకి వచ్చారు. ఇవాళ ఆ ఊళ్ళో వందల కొద్దీ చిన్న చిన్న కంచు మరుగుజ్జులున్నాయి, టూరిస్టులు వాటిని వెతుక్కుంటూ తిరుగుతుంటారు.

మన దున్నపోతు కూడా ఇదే జాతిది. ఒకటే చిక్కు, ఈ మధ్య అది మరీ ఎక్కువైంది. పార్టీల వాళ్ళు ఫోటోగ్రాఫర్‌కి ముందే ఫోన్ చేసి మరీ దున్నపోతును తెప్పిస్తున్నారు. చూసినవాళ్ళకి 'ఓహో, ఈ వారం వీళ్ళ వంతా' అనిపిస్తుంది. నిజంగా రెండు వారాలు ఎండలో కూర్చున్నవాళ్ళు తోలుకొస్తేనే దానికి బలం.

సరే, మీ ఊళ్ళో ఎప్పుడైనా ఇలా దున్నపోతుకు వినతిపత్రం ఇచ్చారా? ఇచ్చాక ఎన్ని రోజులకు పని జరిగింది? కింద కామెంట్‌లో రాయండి. ఆఫీసరు పేరు మాత్రం రాయకండి. దున్నపోతు అని రాస్తే చాలు.